మూత తీయరాని కుండ

వానలనే నమ్ముకున్న ఒకానొక మెట్ట రాజ్యంలో ప్రచండవర్మ అనే రాజు ఉండేవాడు. తనకు తెలియని విద్య లేదని ఆయన నమ్మకం. గింజలకు పురుగు పట్టనివ్వని కొత్త కుండలు చేయించి ఇంటింటికీ పంచాడు. ఎండిన గింజలు నింపి మూత చుట్టూ లక్కతో మూసేస్తే లోపలి పురుగు గాలాడక చస్తుంది. విత్తేదాకా తెరవకూడదు.

కుండ మంచిదే. కానీ ఓబులమ్మ అనే రైతు అవ్వకు కునుకు పట్టేది కాదు. వచ్చే పంటకు ఆధారమైన విత్తనపు జొన్నలన్నీ అందులోనే ఉన్నాయి. గాదెలో అయితే చెయ్యి పెట్టి చూసుకునేది. ఇందులో ఏమవుతోందో? ముక్కిపోతున్నాయేమో? లక్క గీకి, వాసన చూసి, మళ్లీ మూసేది. తెల్లారితే మళ్లీ అదే గుబులు. ఊరంతా అదే పని. తీసినప్పుడల్లా గాలి తగిలి పురుగు బతికింది.

రాజు మండిపడ్డాడు. "మొద్దులు! మూత పగలగొట్టినవారి గింజలన్నీ జప్తు!" అని చాటించాడు. మొదట దొరికింది ఓబులమ్మే. భటులు ఆమెను, కుండను సభకు తెచ్చారు.

"ఇవి పోతే నేనేం విత్తాలి దొరా?"

"ఓర్పు లేనిదానికి విత్తనాలెందుకు?"

విదూషకుడు సింగన్న లేచాడు. "ఓర్పంటే ఏమిటో తమరే చూపించాలి ప్రభూ. తమ రాజముద్ర ఉంగరం ఈ గింజల్లో వేసి మూసేద్దాం. కుండ అవ్వ ఇంట్లో ఉంటుంది. విత్తే రోజున తీసుకుందురుగాని. అప్పటిదాకా శిక్ష ఆపండి."

"అదెంత పని!" అని రాజు ఉంగరం పడేశాడు.

సాయంత్రానికి రాజు ఉత్త వేలు తడుముకుని భటులను పిలిచాడు.

"మూత గట్టిగా వేశారా?"

"వేశాం ప్రభూ."

"ఎలుకలు..."

"లేవు ప్రభూ."

భోజనం సహించలేదు. మర్నాడు పొద్దున్నే గుర్రమెక్కి ఓబులమ్మ గుమ్మంలో దిగాడు. భటులతో సింగన్నా వెనకే వచ్చాడు.

"ఉంగరం ఉందా?"

"ఉండకేం దొరా, మూసిన కుండ కదా."

"నువ్వు చూశావా?"

"చూస్తే గింజలు పట్టుకుపోతారు గదా!"

రాజు ఇక ఆగలేకపోయాడు. కత్తిపిడితో లక్క పగలగొట్టి, మోచేతిదాకా చెయ్యి పెట్టి ఉంగరం లాగి, "అమ్మయ్య!" అన్నాడు.

సింగన్న భటుల వైపు తిరిగాడు. "చూస్తారేం? మూత ఎవరు పగలగొట్టారో కనబడలేదా? జప్తుకు రాజుగారి ధాన్యపు కొట్టారానికి బళ్లు కట్టండి!"

రాజు నోరు తెరిచి, చేతికంటిన జొన్నలు చూసుకుని పగలబడి నవ్వాడు. "ఉంగరానికే నా ప్రాణం ఇంత కొట్టుకుంది! ఆజ్ఞ రద్దు. నీకేం కావాలి సింగన్నా?"

"పెద్ద కుండకు బదులు ఇంటికి కొన్ని చిన్న కుండలు ప్రభూ. గుబులు పుడితే ఒకటి తీసి చూసుకుంటారు, వండుకు తింటారు. మిగతావి కదలవు."

"అలాగే!"

"మొదటిది ఎప్పుడు తియ్యొచ్చు దొరా?" అంది ఓబులమ్మ వెంటనే.

రాజు ఇంకా గట్టిగా నవ్వి, మెడలోని ముత్యాలహారం సింగన్నకు వేసి, "ఆగు అవ్వా, నేనూ వస్తాను. కలిసే తీద్దాం" అన్నాడు.