నూకాలమ్మ ఇంటి మొక్కకి మచ్చలొచ్చాయి

గోదావరి పాయ ఒడ్డున ముక్కొల్లంక అని ఒక ఊరు. ఆ ఊళ్ళో నూకాలమ్మ, ఆవిడ కొడుకులిద్దరూ బట్టలు కుట్టి బతికేవారు. పెద్దవాడు పెద్దబ్బులు, చిన్నవాడు సత్తిపండు. కుట్టుపనిలో వాళ్ళకి వంక పెట్టడానికి లేదు. చిరిగిన చొక్కా బాగుచేసి ఇస్తే, చిరుగు ఎక్కడుండేదో ఇచ్చినవాడు కూడా కనుక్కోలేడు. ఇక తెలివి సంగతంటారా, అది ఎంతుందో వాళ్ళనే అడగాలి.

"జనం ఒకటి చెబితే ఇంకోటి చేస్తారు. మనం అలా కాదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం. తెలివంటే అదేరా" అనేది నూకాలమ్మ.

నిజమే. ఒకసారి ఆవిడ "పాలు పొంగుతాయేమో చూడరా" అని పెద్దబ్బుల్ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి వెళ్ళింది. వాడు రెప్ప వెయ్యకుండా చూశాడు. తల్లి తిరిగి రాగానే, "పొంగాయమ్మా! మొత్తం నా కళ్ళతో చూశాను. చుక్క మిగల్లేదు" అన్నాడు. ఆవిడ మురిసిపోయి వాడికి దిష్టి తీసింది.

అలాంటి ఇంట్లో సత్తిపండుకి సంబంధం వచ్చింది. పిల్ల చిట్టిమణి. పెంచింది మేనత్త నాగరత్నం. ఆవిడకి మొక్కల నర్సరీ ఉంది. పెళ్ళిచూపుల్లో పిల్లకి సత్తిపండు నచ్చాడు. సత్తిపండుకి పిల్ల ఎంత నచ్చిందంటే, ఆ రోజు మిషను మీద కూర్చుని చొక్కాకి మూడో చెయ్యి కూడా కుట్టేశాడు. నాగరత్నానికి మాత్రం అనుమానంగా ఉంది. కాఫీ గ్లాసు చేతికిస్తే పెళ్ళికొడుకు చల్లారేదాకా పట్టుకునే కూర్చున్నాడు. తాగమని ఎవరూ చెప్పలేదు మరి.

అందుకని ఆవిడ ఒక కుండీ తెచ్చి నూకాలమ్మ చేతిలో పెట్టింది. అందులో మొక్కకి ఒక్కో ఆకూ చాటంత ఉంది. పచ్చగా నిగనిగలాడుతోంది.

"వదినగారూ, ఇది ఇంట్లో పెంచే మొక్క. మీ ఇంటి మనిషిలా చూసుకోండి. శ్రావణంలో వస్తాను. మొక్క బతికుంటే ముహూర్తం పెట్టుకుందాం. లేదంటే మా పిల్లని మరిచిపోండి."

అంతే! ఆ పూట నుంచీ మొక్క ఇంటి మనిషైపోయింది. పొద్దున్నే దానికి కాఫీ పోశారు. మధ్యాహ్నం విస్తరి వేసి పప్పన్నం వడ్డించారు. అది ముట్టుకోలేదు.

"కొత్త కదా, మొహమాటం" అని నూకాలమ్మే ముద్దలు చేసి మట్టిలో పెట్టింది.

సాయంత్రం కుంకుడురసంతో తలంటు. చీకటి పడగానే తడి ఆకుల మీద దుప్పటి.

"అమ్మా, తల ఆరకుండా పడుకుంటే జలుబు చెయ్యదూ?" అన్నాడు సత్తిపండు.

"ముక్కుంటే కదరా జలుబు!" అన్నాడు పెద్దబ్బులు. తమ్ముడు అన్న తెలివికి దండం పెట్టాడు.

రోజూ తడిపి రోజూ కప్పితే ఏ ఆకు తట్టుకుంటుంది? కొద్దిరోజులకే ఆకుల మీద గోధుమరంగు మచ్చలు లేచాయి. ఒక్కోదాని చుట్టూ పసుపుపచ్చ అంచు. నూకాలమ్మ చూసి గుండెలు బాదుకుంది.

"ఒరేయ్, దీనికి అమ్మవారు పోసిందిరా! ఒంటినిండా ఎలా లేచాయో చూడు!"

ఇంకేముంది! గుమ్మానికి వేపమండలు కట్టారు. మొక్కని వేపాకుల మీద పడుకోబెట్టి, ఆకాకుకీ పసుపు పూశారు. "గోక్కోకే తల్లీ, గుంటలు పడతాయి" అని నూకాలమ్మ పక్కనే కూర్చుని విసిరింది. పసుపు కడిగి చూస్తే మచ్చలు తగ్గలేదు సరికదా, పక్క ఆకులకి కూడా వచ్చాయి.

సత్తిపండుకి అన్నం సహించలేదు. శ్రావణం దగ్గరపడుతోంది. మొక్క పోతే పిల్లా పోతుంది. భయపడుతూ భయపడుతూ చిట్టిమణికే ఫోన్ చేశాడు.

ఆ అమ్మాయి కాస్త నవ్వి, కాస్త జాలిపడి, నిదానంగా చెప్పింది. "అది తడి వల్ల వచ్చిన తెగులండీ. మచ్చ ఉన్నంత మేరా కత్తిరించేయండి. ఆకుల మీద నీళ్ళు పడకూడదు, మొదట్లోనే పోయండి. ఎండ తగలకూడదు, వెలుతురు మాత్రం ఉండాలి. గాలాడాలి. చుట్టుపక్కల ఇంకే మొక్కా ఉండకూడదు, తెగులు పాకుతుంది."

"ఇంకా ఏం చెయ్యమంటారు?"

"ఇంకేమీ చెయ్యకండి. మీకు దండం పెడతాను."

సత్తిపండు ఫోన్ పెట్టేసి, "దండం పెడతానంది. పెట్టిందో లేదో కనబడలేదు" అన్నాడు.

మచ్చ ఉన్నంత మేరా అంది కదా! పెద్దబ్బులు సుద్దముక్కతో ప్రతి మచ్చ చుట్టూ గీత గీశాడు. కత్తెరతో గుండ్రంగా కోశాడు. చేతి పనితనం అద్భుతం. కాకపోతే ఆకులన్నీ జల్లెడలయ్యాయి.

"చిల్లులున్న సరుకు మన కొట్టు దాటి ఎలా వెళుతుందిరా?" అన్నాడు అన్న.

"పరువు పోతుంది" అన్నాడు తమ్ముడు.

అంతే! ఆకుపచ్చ శాటిన్ తీసి చిల్లు చిల్లుకీ మాసిక వేశారు. సూది గుచ్చిన చోటల్లా ఆకు నల్లబడింది. నల్లబడ్డ మేరా కత్తిరించారు. ఇంకాస్త పెద్ద మాసిక వేశారు. అలా కత్తిరించి కుట్టి, కుట్టి కత్తిరించి, చివరికి మొక్కకి శాటిన్ మిగిలింది, ఆకు మిగల్లేదు.

ఇక ఇంకే మొక్కా దగ్గరుండకూడదు కదా. పెరట్లో పెడదామంటే గోరింట ఉంది. వీధిలో పెడదామంటే ఎదురింటి కాకరపాదు ఉంది. ఊరంతా తిరిగితే చివరికి రైసుమిల్లు వెనకాల ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్ళం కనబడింది. గడ్డిపోచ కూడా లేదు. నిప్పుల కొలిమిలా ఉంది.

ఎండ తగలకూడదని నూకాలమ్మ గొడుగు పట్టింది. గొడుగు కింద వెలుతురు తగ్గిందని సత్తిపండు టార్చిలైటు వేశాడు. గాలాడాలని పెద్దబ్బులు టేబుల్ ఫ్యాను మోసుకొచ్చాడు. అక్కడ కరెంటు లేదు. రెక్కల్ని వేలితో తిప్పుతూ కూర్చున్నాడు. రోజూ అదే పని. కొట్టుకి తాళం. పెళ్ళికి జాకెట్లిచ్చినవాళ్ళు మిల్లు దగ్గరికొచ్చి తిట్టిపోయేవారు.

శ్రావణం వచ్చింది. నాగరత్నమూ వచ్చింది, వెంట చిట్టిమణి. కుండీ అప్పటికే ఇంటికి చేర్చి హాల్లో పెట్టారు. గుమ్మంలోంచే చూసి నాగరత్నం ముక్కున వేలేసుకుంది.

"ఎంత నిగనిగలాడుతోంది వదినగారూ! మచ్చన్నది లేదే!"

దగ్గరికొచ్చి ఆకు పట్టుకుంది. ఆవిడ మొహం మారింది.

"అంచు మడిచి కుట్టామండి, పీచు లేవదు" అన్నాడు పెద్దబ్బులు వినయంగా. "ఇస్త్రీ కూడా చేసుకోవచ్చు."

"ఆకులేవయ్యా?"

"మచ్చలతో పాటే పోయాయండి."

"పదవే చిట్టిమణీ, పోదాం!"

సత్తిపండుకి కళ్ళనిండా నీళ్ళు. ఆకుల మీద నీళ్ళు పడకూడదని గుర్తొచ్చి, కుండీకి దూరంగా జరిగి ఏడ్చాడు.

అది చూసి చిట్టిమణి కదల్లేదు. కుండీ దగ్గర కూర్చుని శాటిన్ ఆకులు పక్కకి తప్పించింది. మొదట్లో వేలెడు మొలక, చుట్ట చుట్టుకున్న లేతాకు, మచ్చలేకుండా. తలంట్లు ఆగి, నీళ్ళు మొదట్లో పడుతున్నాయి కదా, వేరు తన పని తాను చేసుకుంది.

"అత్తా, బతికుంటే అన్నావు. బతికే ఉంది" అంది.

ఇచ్చిన మాట ఎక్కడికి పోతుంది? పెళ్ళి జరిగింది. అప్పగింతల్లో నాగరత్నం దుఃఖం ఆపుకోలేక, "ఇది నా చేతుల్లో పెరిగిన మొక్క వదినగారూ. మొక్కలాగే చూసుకోండి" అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది. అప్పటికే కారు కదిలిపోయింది.

ముక్కొల్లంకలో కారు దిగేసరికి అరుగు మీద పెద్ద గంగాళం, దాన్నిండా ఎర్రమట్టి. "ఎక్కమ్మా" అంది నూకాలమ్మ. ఇదీ వీళ్ళ ఆచారమేమో అనుకుని కొత్తకోడలు ఎక్కి నిలబడింది. నూకాలమ్మ బిందెడు నీళ్ళు పాదాల మీద పోసింది.

"ఇదేంటత్తయ్యా?"

"మొదట్లోనే పోయాలని నువ్వే చెప్పావు కదమ్మా!"

అంతలో పెద్దబ్బులు కెవ్వుమన్నాడు. "ఒరేయ్ తమ్ముడూ, బుగ్గ మీద మచ్చ!"

పెళ్ళికూతురికి పెట్టిన దిష్టిచుక్క అది. సత్తిపండు అన్న చెయ్యి పట్టుకుని, "వద్దన్నయ్యా, కత్తెర తేకు! ఆ రంగు గుడ్డ మన దగ్గర లేదు!" అన్నాడు.

"కాటుకండీ బాబూ!" అని చిట్టిమణి వేలితో తుడిచేసింది. బుగ్గ తెల్లబడింది, వేలు నల్లబడింది.

"పాకుతోందిరోయ్!" అన్నాడు పెద్దబ్బులు.

ఇంకేముంది! అన్నదమ్ములిద్దరూ చెరో పక్కా పట్టి, పెళ్ళికూతురితో సహా గంగాళం ఎత్తుకుని, రైసుమిల్లు కళ్ళానికి పరుగు తీశారు. వెనకాల నూకాలమ్మ, చంకలో టేబుల్ ఫ్యాను, చేతిలో గొడుగు, "నిదానంరా, వేళ్ళు కదిలిపోతాయి!" అని అరుస్తూ.