బీరువాలో బాలయేసు

బ్రదర్ రాయప్ప క్యాథలిక్ గురువు కావడానికి చదువుకుంటున్నాడు. ఆ చలికాలం ఆదోని దగ్గరి ఒక పల్లె చర్చి గుడికి, అక్కడి గురువు ముసలి శౌరయ్య స్వామి దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చాడు. ఏ పండగ ఎప్పుడు, ఏ రోజు ఏ రంగు వస్త్రం వెయ్యాలి, అన్నీ అతనికి కంఠతా వచ్చు. ఆ సంగతి ఊరందరికీ తెలిసేలా కూడా చూసుకున్నాడు.

అది ఆగమన కాలం. క్రిస్మస్‌కు ముందు ప్రభువు కోసం ఎదురుచూసే నాలుగు వారాలు. రాయప్ప గుడిలో పశువులపాక కట్టి, తొట్టిలో గడ్డి పరిచి, ఖాళీగా ఉంచాడు. బాలయేసు స్వరూపాన్ని, ఆ చిన్న బొమ్మను, గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టి, తాళంచెవి నడుంతాడుకు కట్టుకున్నాడు. పండగ పూజ దాకా ఇక అది బయటికి రాదు.

డిసెంబరు ఏడున పొద్దున్నే గుడి ముందు లారీ ఆగింది. పత్తి తీయడానికి గుంటూరు వైపు పోయే కూలీలు. ఇన్నాసమ్మ అనే ఆమె పసిబిడ్డను కొంగులో చుట్టుకుని లోపలికి వచ్చింది. ఖాళీ తొట్టి చూసి నిలబడిపోయింది.

"బాలయేసు యాడ సామీ?"

"ఇంకా పుట్టలేదమ్మా. పండక్కి రా," అన్నాడు రాయప్ప.

"ఈ పొద్దే పోతాండాం సామీ. తిరిగొచ్చేతలికి పండగ ఐపోయి ఉపాసాల తపస్సుకాలం వస్తాది. పోయినేడు ఆ పత్తి చేలోనే నా బిడ్డ సచ్చిపోయె. వీనితోనన్నా బాలయేసు పాదం ముద్దు పెట్టిచ్చి పోదామని వస్తి."

"అట్లా కుదరదమ్మా. ఇది ఆగమన కాలం."

ఆమె బిడ్డను సర్దుకుని వెనక్కి తిరిగింది.

వెనక బెంచీ మీద జపమాల చెప్పుకుంటున్న శౌరయ్య స్వామి లేచి వచ్చి చెయ్యి చాపాడు. రాయప్ప మొహం మాడ్చుకుని తాళంచెవి విప్పి ఇచ్చాడు.

స్వామి స్వరూపాన్ని తెచ్చి ఇన్నాసమ్మ చేతికిచ్చాడు. ఆమె ఆ చిన్న పాదాన్ని బిడ్డ పెదవులకు తాకించింది. తనూ ముద్దు పెట్టుకుంది. కళ్లు తుడుచుకుని, స్వరూపం తిరిగిచ్చి బయటికి నడిచింది.

స్వామి దాన్ని మళ్లీ గుడ్డలో చుట్టి, బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి రాయప్ప చేతిలో పెట్టాడు. తొట్టి ఖాళీగానే ఉంది.

రాయప్ప ఉండబట్టలేకపోయాడు. "పండక్కి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి స్వామీ!"

"మనకు," అన్నాడు స్వామి. జపమాల ఎక్కడ ఆపాడో వెతుక్కుంటూ వెళ్లి కూర్చున్నాడు.

బయట లారీ హారను మోగింది. గుమ్మం దగ్గర ఇంకో ఇద్దరు ఆడవాళ్లు చెప్పులు విప్పి, లోపలికి రావచ్చో లేదోనని చూస్తున్నారు.

రాయప్ప తాళంచెవి నడుంతాడుకు కట్టుకోలేదు. బీరువా వైపు నడిచాడు.