రెండు విమానాలు, అత్తగారి పనసపండ్లు

సోమయాజులు మాస్టారికి ఒక అలవాటుంది. ఏ విమానం మంచిదని ఎవరడిగినా జవాబు చెప్పరు. ఆకాశం వైపు చూసి, సాయంత్రానికి గాలి మారేట్టుందని మాట దాటేస్తారు. ఆయన దగ్గర విమానం నడపడం నేర్చుకునే శిష్యులు మొదట్లో ఇది పెద్దరికమనుకుంటారు. పోనుపోను ఒళ్లు మండుతుంది. రైసుమిల్లుల యజమాని తవిటినాయుడికి మాత్రం మొదటి రోజు నుంచే మండింది.

నాయుడు లైసెన్సు పుచ్చుకుని సొంత విమానం కొనాలని పట్టుబట్టాడు. కొండల మీద అత్తవారి జీడితోట పక్కన నేల చదును చేయించి, గడ్డి రన్‌వే కూడా వేయించుకున్నాడు. అలాంటి చోట దిగగలిగే చిన్న విమానాలు రెండు అమ్మకానికి వచ్చి మాస్టారి షెడ్డులోనే నిలబడి ఉన్నాయి. పసుపుది ఇద్దరికే సరిపోతుంది. తోక కింద చక్రం, లావుపాటి టైర్లు, రాళ్లలోనైనా దిగుతుంది, కానీ మహా నెమ్మది. తెల్లదానిలో నలుగురు కూర్చోవచ్చు. ఇంజను పెద్దది, వేగం ఎక్కువ, కాకపోతే దానికి కాస్త పొడుగు నేల కావాలి. చూసి చూసి నాయుడికి తల తిరిగిపోయింది. ఆ కొండల్లో పనికిరానిది కొంటే పోయేది తన ప్రాణమేనని అతనికి బాగా తెలుసు. తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని చెప్పకపోతే కోపం రాదా మరి?

"సెప్తే మీ సొమ్మేటి పోయింది మాస్టారూ?" అన్నాడు ఒక ఆదివారం ఉదయం, గొంతు పెంచి. "ఆస్తి రాసిమ్మన్లేదు కదా. ఏది కొనమంటారో ఒక్క మాట అడిగాను."

మాస్టారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "తెల్లదాన్ని బయటికి తియ్యి. మీ అత్తవారింటికి వెళ్లొద్దాం," అన్నారు.

నాయుడే నడిపాడు, కొండ మీద దిగడం దివ్యంగా కుదిరింది. రన్‌వే ఇంకా బోలెడు మిగిలి ఉండగానే విమానం ఆగింది. నాయుడు గర్వంగా మాస్టారి వైపు తిరిగితే, ఆయన భోజనంలోకి ఏం చేసి ఉంటారని అడిగారు.

అసలు కథ భోజనాలయ్యాక మొదలైంది. మండుటెండలో బయలుదేరబోతుంటే అత్తగారు చిట్టెమ్మ రెండు పనసపండ్లు మోయించుకుని వచ్చింది. వాటి వెనక జీడిపప్పు బస్తా, దాని వెనక నెయ్యి డబ్బా. "ఎందుకండీ ఇవన్నీ," అన్నాడు నాయుడు. "ఒట్టి సేతుల్తో పంపితే నలుగురూ నవ్విపోతారు అల్లుడుగారూ," అని ఆవిడ ఇంకో బస్తాకి కబురు పెట్టింది. ఈలోగా బావమరిది కూర్మారావు చొక్కా మార్చుకుని తయారయ్యాడు. మనిషి భారీ మనిషి. "ఎనక సీటు ఖాళీయే కదా బావా, నన్ను పట్నంలో దింపెయ్," అని అడిగాడో లేదో ఎక్కి కూర్చున్నాడు.

ఇదేం మర్యాదో తెలియదు. పెట్టేవాళ్లకి బరువు పట్టదు, పుచ్చుకునేవాడు ప్రాణం మీదికొచ్చినా కాదనడు. తన మిల్లులో లారీ మీద ఒక్క బస్తా ఎక్కువ పడితే గుమస్తాని చెడామడా తిట్టే మనిషి ఈ నాయుడు. ఇక్కడ మాత్రం అన్నీ విమానంలోకి ఎక్కిస్తుంటే పెళ్లినాటి అల్లుడిలా నవ్వుతూ నిలబడ్డాడు. మాస్టారైనా అడ్డుపడతారేమోనని చూశాడు. ఆయన తన సీట్లో కూర్చుని బెల్టు బిగించుకున్నారు. నాయుడికి ఒళ్లంతా కారం రాసినట్టయింది. పెద్దాయనై ఉండి ఒక్క మాట అనకూడదా అని మనసులోనే తిట్టుకుంటూ ఇంజను స్టార్టు చేశాడు.

విమానం పరిగెత్తింది. సగం రన్‌వే దాటినా చక్రాలు గడ్డిని వదల్లేదు. ఎదురుగా జీడిచెట్లు పెద్దవవుతున్నాయి. నాయుడు విమానాన్ని పైకి లేపే కర్రని పొట్టదాకా లాగాడు. ముందు చక్రం కాస్త లేచి మళ్లీ కూలబడింది. వెనక కూర్మారావు దేవుళ్లందరినీ పిలవడం మొదలుపెట్టాడు. అప్పుడు మాస్టారి చెయ్యి కదిలింది. ఇంజను నోరు నొక్కేసినట్టు అణిగింది, బ్రేకులు పడ్డాయి, విమానం చెట్ల ముందు అడ్డంగా తిరిగి ఆగింది.

నాయుడు కిందికి దిగాడు. నేల మీద కాలు పెట్టగానే కోపం ముంచుకొచ్చింది.

"బరువెక్కువైందని మీకు తెలుసు. తెలిసీ కూకున్నారు. ఎనకాల మా బామ్మర్ది ఉన్నాడు, ఇంటికాడ నా పెళ్లాం ఉంది. ఇలాగేనా నేర్పేది?"

"మొదట్నుంచీ ఇంజను మీట మీద నా చెయ్యి ఉంది," అన్నారు మాస్టారు.

ఆ మాటకి నాయుడి కోపం ఇంకా పెరిగింది. అది కాస్తా విమానం మీదికి మళ్లింది. తెల్లదాని రెక్క మీద అరచేత్తో గట్టిగా కొట్టాడు.

"ఈ దరిద్రం నాకొద్దు. పసుపుదే కొంటాను. దాంట్లో నేను, ఇంకొకరు, అంతే. ఈ గోలే ఉండదు."

తోట వైపు నుంచి చిట్టెమ్మ గుండెలు బాదుకుంటూ పరిగెత్తుకొస్తోంది. మాస్టారు ఆవిడని చూశారు, నాయుణ్ని చూశారు.

"దాంట్లో అయితే మీ అత్తగారు పనసపండు నీ ఒళ్లో పెట్టేది," అన్నారు. "నీకు నచ్చింది కొనుక్కో నాయుడూ. వద్దు అనడం ఆ రెండింటికీ రాదు."