చూడలేదన్న సాక్షి

అనగనగా ఒక రేవుపట్నం. దాని పేరు గవ్వలరేవు. దాన్ని ఏలేది రాణి అక్కమాంబ.

ఆవిడ మెట్టసీమ నుంచి కోడలిగా వచ్చిన మనిషి. సముద్రాన్ని మేడ మీంచి చూడడమే గానీ ఏనాడూ పడవ ఎక్కి ఎరగదు. అయితేనేం? తెలియనిది తెలియదని ఒప్పుకునే గుణం ఉంది. రాజ్యాలేలేవాళ్ళలో ఆ గుణం ఎంతమందికి ఉంటుందో మీరే చెప్పండి!

ఆ రేవులో మల్లిశెట్టి అనే వర్తకుడికి ఒక ఓడ ఉండేది. ఓడంటే ఓడా అది! అది తెరచాప ఎత్తితే సగం ఊరికి నీడ పడుతుందని జనం వేళాకోళం ఆడేవారు. దాన్ని నడిపే సరంగు భీమన్న. సరుకు పెద్దది, ఓడ పెద్దది, అన్నిటికంటే భీమన్న గొంతు పెద్దది.

ఆ ఓడలో తెడ్లు వేసేవాళ్ళలో పైడయ్య ఒకడు. ఈ కథ వాడిది. మాట తక్కువ మనిషి. వాడికి ప్రాణస్నేహితుడు అప్పన్న. ఇద్దరిదీ ఒకే బల్ల, ఒకే తెడ్డు. పైడయ్య పెళ్ళికి పందిరి వేసింది అప్పన్నే. అప్పన్నకు జ్వరం వచ్చినప్పుడు ఆ బరువు తెడ్డును ఒంటరిగా లాగింది పైడయ్యే. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకర్నొకరు బావా అంటే బావా అనుకునేవారు.

ఇక అసలు సంగతికి వద్దాం.

గవ్వలరేవులో ఏరు సముద్రంలో కలిసేచోటు, అదే మొగ, బహు ఇరుకు. ఒక్క ఓడ పట్టే దారి. అందుకని తాతలనాటి నుంచీ ఒక కట్టుబాటు ఉంది. లోపల్నుంచి బయటికి పోయే పడవ శంఖం ఊదాలి. శంఖం వినపడగానే బయటినుంచి వచ్చేది ఎంతటి ఓడైనా ఆగి దారి ఇవ్వాలి.

ఒకనాటి పొద్దున మల్లిశెట్టి ఓడ లవంగాలూ మిరియాలూ వేసుకుని తిరిగొస్తోంది. ఆ రోజు రేవులో సంత. ముందు చేరిన సరుకుకే గిరాకీ. తీరా ఏటి మొగ దగ్గరికి వచ్చేసరికి గాలి పడిపోయింది. తెరచాప దింపి తెడ్లు వెయ్యమన్నాడు భీమన్న. వేగం చాలలేదని, ముందు నిలబడి దారి చూడాల్సినవాణ్ణి కూడా తెడ్డు దగ్గరికి తోలాడు.

తెడ్డు వేసేవాడు ఎలా కూర్చుంటాడో తెలుసునా పిల్లలూ? ఓడ పోయే వైపుకి వీపు పెట్టి, వెనక్కి మొహం పెట్టి కూర్చుంటాడు. అలా కూర్చుంటేనే ఒంట్లో బలమంతా తెడ్డు మీదికి వస్తుంది. ఎటు పోతున్నాడో వాడికి కనబడదు. కనబడేదల్లా వెనక చుక్కాని పట్టుకుని నిలబడ్డ సరంగు మొహమే.

ఇంతలో శంఖం మోగింది. తెడ్లు ఒక్క క్షణం ఆగాయి.

“ఎవడ్రా ఆపింది? లాగండి!” అని అరిచాడు భీమన్న.

రెండోసారి మోగింది. “సరంగుగారూ, శంఖం!” అన్నాడు పైడయ్య.

“నాకేం చెవుడా? కొర్లయ్య ఉప్పు పడవ. మన ముందు అదెంత, దాని బతుకెంత! అదే తప్పుకుంటుంది. లాగండి!”

మూడోసారి శంఖం మోగడమూ, ఫెళ్ళుమని చప్పుడు అవడమూ ఒక్కసారే జరిగాయి.

ముల్లు వెళ్ళి ఆకు మీద పడ్డా, ఆకు వచ్చి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే కదా! పెద్ద ఓడకు కాస్త చెక్క లేచింది. చిన్న పడవ రెండు ముక్కలై, ఉప్పుతో సహా ఉప్పునీళ్ళలో కలిసిపోయింది. దేవుడి దయవల్ల కొర్లయ్యా, వాడి తమ్ముళ్ళూ ఈదుకుంటూ ఒడ్డుకు చేరారు.

చేరి చూస్తే ఏముంది? మల్లిశెట్టి అప్పటికే కోటకు పోయి మొర పెట్టేశాడు. “మహారాణీ! కొర్లయ్య శంఖం ఊదకుండా నా ఓడకు అడ్డం వచ్చాడు!” అని. మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కిందన్న సామెత ఊరికే పుట్టిందా!

శంఖం ఊదకుండా మొగలోకి వచ్చి ఓడను గుద్దినవాడికి ఆ రేవులో ఒకటే శిక్ష. వాడి చుక్కాని అందరి ముందూ విరగ్గొడతారు. వాడిక బతికున్నంతకాలం సముద్రం మీదికి పోకూడదు. కొర్లయ్యకు సముద్రం తప్ప వేరే పని రాదు. ఆ మాట వినగానే వాడు ఇసుకలో కూలబడిపోయాడు.

వాడి తమ్ముళ్ళ సాక్ష్యం చెల్లదు, రక్తసంబంధం కాబట్టి. మొగకూ ఊరికీ మధ్య ఇసుక మెట్ట అడ్డం, పైగా అలల హోరు. ఒడ్డున ఎవరూ చూసింది లేదు, విన్నది లేదు. ఇక మిగిలింది పెద్ద ఓడలో తెడ్లవాళ్ళు. వాళ్ళలో ముగ్గుర్ని సాక్ష్యానికి రమ్మని కబురొచ్చింది. అందరికంటే ముందు బల్ల మీద కూర్చునే రాజన్న, ఆ తర్వాత అప్పన్న, ఆ తర్వాత మన పైడయ్య.

కబురు వచ్చిన పూటే మల్లిశెట్టి పైడయ్యను పిలిపించుకున్నాడు. పిలిచి పీట వేయించాడు. ఎన్నడూ లేనిది మజ్జిగ కూడా ఇప్పించాడు.

“ఒరే పైడయ్యా, ఎన్నాళ్ళని తెడ్డు లాగుతావురా? వచ్చే ప్రయాణానికి నిన్ను తెడ్లవాళ్ళకు పెద్దను చేద్దామనుకుంటున్నాను. కొర్లయ్య అడ్డం వచ్చాడు, నేను చూశాను అని ఒక్క మాట చెప్పు, చాలు.”

“నేను చూడలేదు కదా శెట్టిగారూ.”

“చూసినట్టే అనుకో!” అన్నాడు శెట్టి. పైడయ్య మజ్జిగ ముట్టకుండా దణ్ణం పెట్టి వచ్చేశాడు.

వీధిలో భీమన్న ఎదురయ్యాడు. “తిన్నింటి వాసాలు లెక్కపెడతావట్రా? నువ్వు ఎదురు చెబితే ఈ రేవులో ఏ ఓడా నిన్ను ఎక్కించుకోదు. నీ పిల్లలకు గవ్వలు వండిపెట్టుకో!” అని గుడ్లురిమాడు. పైడయ్యకు భయం వేసింది. వెయ్యదూ మరి? తప్పుకుని ఇంటిదారి పట్టాడు.

మూడోవాడు అప్పన్న. వాడు ఆశా పెట్టలేదు, బెదిరించనూ లేదు. వచ్చి పైడయ్య అరుగు మీద కూర్చుని తల వంచుకున్నాడు.

“బావా, నేను చూశానని చెప్పబోతున్నాను. శెట్టికి మాటిచ్చేశాను. ఒకే ఓడవాళ్ళు ఒకే మాట మీద ఉండాలంటారు కదా. నువ్వు వేరే చెప్పావంటే నేను దొంగసాక్షినని తేలిపోతుంది. నా గతేం కాను?”

పైడయ్య ఆశను కాదన్నాడు, బెదిరింపును ఓర్చుకున్నాడు. స్నేహితుడి కంట్లో నీళ్ళను ఏం చేసేది? అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది వాడి బతుకు.

లోపల్నుంచి అంతా వింది పైడయ్య పెళ్ళాం సన్యాసమ్మ. అప్పన్న వెళ్ళాక బయటికొచ్చింది.

“ఏమయ్యా, అబద్ధం చెప్పి తెచ్చిన బియ్యం ఉడకవా ఏం? బ్రహ్మాండంగా ఉడుకుతాయి. కానీ కొర్లయ్య పెళ్ళాం నీళ్ళబావి దగ్గర ఎదురైతే నా మొహం ఎటు తిప్పుకోను? ఆ మాటొక్కటీ చెప్పి, ఆపైన నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి.”



మర్నాడు కోటలో కొలువు తీరింది. ఊరు ఊరంతా వచ్చింది. రాణి సింహాసనం మీద కూర్చుంది. ఒక పక్క మల్లిశెట్టీ, భీమన్నా. ఇంకో పక్క కొర్లయ్య, ఆ పక్కనే ఒడ్డుకు కొట్టుకొచ్చిన వాడి చుక్కాని. దాన్ని విరగ్గొట్టడానికి సమ్మెట పట్టుకుని ఒక భటుడు సిద్ధంగా ఉన్నాడు.

రాజన్న ముందుకొచ్చాడు. “మహారాణీ, నా రెండు కళ్ళతో చూశాను. కొర్లయ్య పడవ శంఖం ఊదకుండా, కుడివైపు నుంచి మా ఓడకు అడ్డం వచ్చింది.”

తర్వాత అప్పన్న. “మహారాణీ, నా రెండు కళ్ళతో చూశాను. కొర్లయ్య పడవ శంఖం ఊదకుండా, కుడివైపు నుంచి మా ఓడకు అడ్డం వచ్చింది.”

అక్షరం పొల్లుపోలేదు. బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పారు ఇద్దరూ. రాణి కనుబొమ మెల్లిగా పైకి లేచింది.

మూడోవాడు పైడయ్య. అప్పన్న వైపు చూశాడు. కొర్లయ్య వైపు చూశాడు. చేతులు జోడించాడు.

“తల్లీ, నేను చూడలేదు.”

సభంతా గొల్లున నవ్వింది. “చూడనివాడివి సాక్ష్యానికెందుకు వచ్చావయ్యా?” అన్నారు ఎవరో.

“పిలిచారు, వచ్చాను. పడవ ఎటునుంచి వచ్చిందో నేను చూడలేదు. శంఖం మాత్రం మూడుసార్లు విన్నాను. సరంగుగారు ఆగొద్దు, లాగమన్నారు. ఆ మాటంటున్నప్పుడు ఆయన మొహం చూశాను. నాకు తెలిసింది ఇంతే.”

మల్లిశెట్టి భగ్గుమన్నాడు. “మహారాణీ! వీడు సోమరి! పనిలో నిద్రపోయి ఉంటాడు. పక్కన కూర్చున్నవాడు చూసింది వీడెందుకు చూడలేదు?”

రాణి పైడయ్యను అడిగింది. “అవునయ్యా, వాళ్ళు చూసింది నువ్వెందుకు చూడలేదు?”

జవాబు నాలిక చివర ఉంది. చెబితే కొర్లయ్య బతుకుతాడు, అప్పన్న చస్తాడు. “నా సంగతి నేను చెప్పాను తల్లీ. వాళ్ళ సంగతి వాళ్ళే చెప్పాలి” అన్నాడు పైడయ్య ఎలాగో.

“నేను మెట్టసీమదాన్ని. తెడ్డు ఎలా వేస్తారో నాకు తెలియదు. తెలియకుండా తీర్పు ఎలా చెప్పను? బల్లలూ తెడ్లూ తెప్పించండి” అంది రాణి.

తెచ్చారు. సభ మధ్యలో వేశారు.

“ఇది ఓడ అనుకోండి. నా సింహాసనం రేవు. నా దగ్గరికి ఓడను లాక్కురండి, చూస్తాను.”

ఏళ్ళ తరబడి అలవాటైన ఒళ్ళు కదా! రాజన్న వెళ్ళి టక్కున కూర్చుని తెడ్డు అందుకున్నాడు. వాడి వెనకే అప్పన్నా, పైడయ్యా కూర్చున్నారు. ముగ్గురూ రాణికి వీపులు పెట్టి!

“హవ్వ! మహారాణికే వీపు చూపిస్తారా!” అని సింహాసనం పక్కనున్న భటుడు కత్తి మీద చెయ్యి వేశాడు. రాణి వాణ్ణి వేలితో వారించింది. చప్పుడు చెయ్యకుండా వాడి తలపాగా ఊడదీసి పైకెత్తి పట్టుకుంది. బట్టతలతో నిలబడ్డ భటుణ్ణి చూసి జనం నోళ్ళకు చేతులడ్డం పెట్టుకున్నారు.

“రాజన్నా, నా చేతిలో ఏముందో చెప్పు.”

రాజన్న నీళ్ళు నమిలాడు. “రాజదండం, మహారాణీ.”

ఇక ఆగుతుందా సభ? పగలబడి నవ్వింది.

“పైడయ్యా, నువ్వు చెప్పు.”

“చూడలేదు తల్లీ.”

“అప్పన్నా, నువ్వు?”

అప్పన్న ఎదుట, సభకు అవతల, కొర్లయ్య నిలబడి ఉన్నాడు. వాడి పక్కనే సమ్మెట. అప్పన్న చేతులు తెడ్డు మీంచి జారిపోయాయి.

“నేనూ చూడలేదు తల్లీ. ఇప్పుడూ చూడలేదు, ఆ రోజూ చూడలేదు. శంఖం మూడుసార్లూ విన్నాను. మా బావ చెప్పిందే నిజం. నేను దొంగసాక్ష్యం చెప్పాను. నన్నేం చేసినా సరే, ఆ చుక్కాని మాత్రం విరగ్గొట్టకండి!” అని బావురుమన్నాడు.

రాణి లేచి నిలబడింది. మల్లిశెట్టి తన కలపతో, తన ఖర్చుతో కొర్లయ్యకు కొత్త పడవ కట్టించాలంది. దొంగసాక్ష్యం చెప్పిన ఇద్దరూ ఆ పడవ పూర్తయ్యేదాకా వడ్రంగుల దగ్గర కూలి లేకుండా పనిచెయ్యాలంది. తప్పు ఒప్పుకున్నాడు కాబట్టి అప్పన్నకు అంతటితో సరి, రాజన్న మాత్రం ఇకమీదట ఏ కొలువులోనూ సాక్ష్యానికి పనికిరాడంది. భీమన్న చుక్కాని తెచ్చి విరగ్గొట్టమని సమ్మెట భటుడికి సైగ చేసింది.

అప్పుడు కొర్లయ్య అడ్డుపడ్డాడు.

“వద్దు తల్లీ! సముద్రం లేకపోతే బతుకెలా ఉంటుందో ఈ రెండు రోజులూ నాకు తెలిసొచ్చింది. ఆ శిక్ష పగవాడికీ వద్దు.”

రాణి కళ్ళు చెమర్చాయి. “సరే, భీమన్నా, ఏడాదిపాటు నువ్వు తెడ్డు వెయ్యి. లాగండి అనడం ఎంత సులువో, లాగడం ఎంత కష్టమో తెలుస్తుంది” అంది. జనం చప్పట్లు కొట్టారు.

పైడయ్యను మల్లిశెట్టి ఆ పూటే పనిలోంచి తీసేశాడు. అనుకున్నదే. కానీ మర్నాడు పొద్దున్నే కొర్లయ్య వచ్చి, కొత్త పడవ తేలగానే తనతో రమ్మని చెయ్యి పట్టుకున్నాడు.

రేవులో వడ్రంగం పని మొదలైంది. అప్పన్న ఒంటరిగా దూలం ఎత్తలేక అవస్థ పడుతుంటే, రెండో కొస ఎవరో ఎత్తారు. తల తిప్పి చూస్తే పైడయ్య.

“నీకు శిక్ష లేదుగా బావా, నువ్వెందుకు వచ్చావు?” అన్నాడు అప్పన్న, మొహం ఎత్తలేక.

“బరువు నువ్వొక్కడివే ఎత్తితే నాకు తోస్తుందా? మాటలు కట్టిపెట్టి ఎత్తు!” అన్నాడు పైడయ్య. ఇద్దరూ కలిసి దూలాన్ని భుజాన వేసుకున్నారు.

ఆనాటి నుంచి గవ్వలరేవు కొలువులో రాణి ఒక కొత్త పద్ధతి పెట్టింది. సాక్షి ఎవరైనా సరే, ముందు తను చూడనిదేమిటో చెప్పాలి. ఆ తర్వాతే చూసింది చెప్పాలి. అబద్ధాలాడేవాళ్ళు మొదటి ప్రశ్న దగ్గరే తడబడేవారట.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, గుర్తుంచుకోండి: చూసింది చూశానని చెప్పడం ఎంత సత్యమో, చూడనిది చూడలేదని చెప్పడమూ అంతే సత్యం.