నీడలో ఆరేసిన బొంత

అనగనగనగా ఒక ఊళ్ళో, మిరపతోటల మధ్యన, ఒక పెంకుటిల్లు ఉండేది నాన్నా. ఆ ఇంట్లో నాంచారమ్మ అని ఒక అత్తగారు, మాణిక్యం అని ఒక కోడలు ఉండేవారు. మాణిక్యం మొగుడు పున్నయ్య కూడా ఉండేవాడనుకో. కానీ పొద్దున్నే చద్దన్నం తిని చేలోకి పోయాడంటే మళ్ళీ దీపాల వేళకే రావడం. అందుకని మన కథలో అతనికి పెద్దగా పని లేదు.

నాంచారమ్మ చెడ్డది కాదు సుమా. అడుక్కునేవాళ్ళకి ముందు అన్నం పెట్టి తర్వాత తను తినేది. నోరు మాత్రం ఊరుకునేది కాదు. లేస్తూనే కోడిని తిట్టేది. ఆ తర్వాత అంటుకోని పొయ్యిని తిట్టేది. ఆ రెండూ అయ్యాక కోడలి దగ్గరికి వచ్చేది.

మాణిక్యం పుట్టినూరు పసుపు పండే ఊరు. కూరలో ఉప్పు కాస్త తగ్గినా, ముగ్గు కాస్త వంకర పోయినా, "మీ ఊళ్ళో పసుపు పండిస్తారు గానీ పని పండించరుటే అమ్మాయ్?" అనేది అత్తగారు. పక్కింటివాళ్ళు కిసుక్కున నవ్వేవారు. మాణిక్యమూ నవ్వేసేది. నవ్వేసి, దొడ్లోకి వెళ్ళి, కొంచెం ఏడ్చుకుని వచ్చేది.

ఆ పిల్లకి ఒక్కటే కోరిక. నగలు కాదు, పట్టుచీరలు కాదు. అత్తగారి నోటి వెంట ఒక్క మంచి మాట. "బాగా చేశావే" అని ఒక్కసారి అంటే చాలు, ఆ మాట కొంగున ముడేసుకుని తిరుగుదామని ఆశ.

ఊ కొడుతున్నావా? ఇప్పుడు బొంత సంగతి చెప్తాను.

నాంచారమ్మ కొత్తకోడలిగా వచ్చినప్పుడు వాళ్ళమ్మ కుట్టిచ్చిన బొంత అది. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, అంచులు మడిచి, కూర్చుని కూర్చుని కుట్టింది ఆవిడ. పైపొర గంధం రంగు నేతచీర. ఎన్ని ఏళ్ళు నలిగిందో, పిల్లి పొట్టలా మెత్తగా ఉండేది. ఆ ఇంట్లో ఎవరికి పురుడు వచ్చినా, బిడ్డని ముందు ఆ బొంత మీదే పడుకోబెట్టాలి. పని అయిపోతే మళ్ళీ ట్రంకుపెట్టెలోకి పోయేది.

దానికి మూడు మరకలు ఉండేవి. అంచున ఒకటి, ట్రంకుపెట్టె తుప్పు మరక. తలవైపు ఒకటి, ఆముదం మరక. మామగారు జబ్బుపడి ఉన్నప్పుడు తలకి ఆముదం పట్టించుకుని దాని మీద పడుకున్నాడట. మూడోది సరిగ్గా నడిమధ్యన, పసుపు మరక. పైన గుండ్రంగా, కింద కోలగా, లేత సొరకాయలా ఉండేది. "మన బొంత మీద సొరకాయ కాసింది చూశావా" అని మాణిక్యం ఒకసారి మొగుడితో అంటే, అతనూ పకపకా నవ్వాడు. అతనికీ తెలియదు మరి.

ఏడాదికోసారి నాంచారమ్మ ఆ బొంతని తీసి గాలికి వేసేది. ఇంట్లో గుడ్డలన్నీ ఎండలో ఆరేవి. బొంత మాత్రం వసారా నీడలో ఆరేది. దాని మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. పసుపు మరకని తడిపి ఎండలో వేస్తే పోతుందని ఈవిడకి ఇంత వయసొచ్చినా తెలియదు కాబోలు, పాపం, అనుకునేది మాణిక్యం. పసుపు ఊరి పిల్ల కదా, ఆ మాత్రం గర్వం ఉండదూ?

అలా ఉండగా ఆడపడుచు సీతామాలక్ష్మికి నెలలు నిండాయి. తొలికాన్పు పుట్టింట్లోనే కదా. నాంచారమ్మ వెళ్ళి కూతుర్ని తీసుకురావాలి. బండి కట్టారు. ఎక్కబోతూ వెనక్కి తిరిగి చూస్తే, కోడలి భుజం మీద తువ్వాలుకి మసి మరక కనపడింది. ఇంకేముంది.

"రేపు బారసాలకి వియ్యాలవారు దిగుతారు. మరక లేని గుడ్డ ఒక్కటుందటే ఈ ఇంట్లో?" అంది. అని బండెక్కి వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళింది గానీ ఆ మాట వెళ్ళలేదు. అది మాణిక్యం చెవిలోనే కూర్చుంది. అంట్లు తోముతుంటే అదే మాట, పిడకలు సర్దుతుంటే అదే మాట. అప్పుడు ఆ పిల్లకి ఒక ఆలోచన తట్టింది. మరక లేని గుడ్డ అడిగింది కదా, పురిటి బొంతనే మల్లెపువ్వులా చేసి చూపిస్తే? అప్పుడైనా బాగా చేశావనదా? అని లేచి ట్రంకుపెట్టె మూత ఎత్తింది.

ముందు తుప్పు మరక పని పట్టింది. నిమ్మకాయ కోసి, ఉప్పు అద్ది, రుద్ది, ఎండలో ఉంచింది. అది మొండికేసింది. మళ్ళీ రుద్దింది. సాయంత్రానికి పోయింది.

ఆ తర్వాత ఆముదం మరక. దాని మీద శనగపిండి చల్లి, జిడ్డంతా పీల్చనిచ్చి, కుంకుడు రసంతో మెల్లగా పిసికింది. చెయ్యి గట్టిగా వేస్తే పాత కుట్లు ఊడిపోతాయని పసిపాపకి నీళ్ళు పోసినట్టు పోసింది. అదీ పోయింది.

ఆ తర్వాత మూడోది. పసుపు మరకకి సబ్బు పెట్టింది. పెట్టగానే అది ఎర్రగా తిరిగిపోయింది నాన్నా, పారాణి దిద్దినట్టు. పసుపుకి సబ్బు తగిలితే అంతేనని ఆ పిల్లకి తెలుసు. అయినా బొంత ఏదో చెప్పబోయినట్టు అనిపించింది. చప్పున నిమ్మరసం పిండితే మళ్ళీ పచ్చగా తిరిగింది.

అక్కడ ఆగాల్సింది. ఆగితే ఎంత బాగుండేది. కానీ రెండు మరకలు తీసిన చెయ్యి కదా, ఊరుకుంటుందా? బొంతని తడిపి తీసుకెళ్ళి, వాకిట్లో నడి ఎండలో, దండెం మీద వేసింది. ఎండ జరిగినకొద్దీ తనూ బొంతని జరిపింది. ఆరితే మళ్ళీ తడిపింది. తుప్పు కొట్లాడి పోతుంది, జిడ్డు జారుకుంటూ పోతుంది. పసుపు అలా కాదు, చప్పుడు లేకుండా పోతుంది. ఇందాక ఉంది కదా అని చూసేసరికి ఉండదు. సొరకాయ ముందు అంచులు పోయాయి, ఆ తర్వాత కింది కోల పోయింది, ఆ తర్వాత పైన ఉన్న గుండ్రం కూడా పోయింది.

మాణిక్యం చప్పట్లు కొట్టుకుంది.

అంతలోనే బండి వచ్చింది. సీతామాలక్ష్మి ఆయాసపడుతూ దిగింది. నాంచారమ్మ మాత్రం కూతురి చెయ్యి కూడా పట్టుకోలేదు, సరాసరి దండెం దగ్గరికి నడిచింది. బొంతని ఇటు చూసింది. చుట్టూ తిరిగి అటు చూసింది. ఆ తర్వాత నడిమధ్యన అరచెయ్యి ఆనించి అలాగే నిలబడింది. మాణిక్యం చూస్తోంది, ఇప్పుడంటుందా, ఇప్పుడంటుందా అని.

అప్పుడు నాంచారమ్మ అంది.

"బాగా ఉతికావే అమ్మాయ్."

అని లోపలికి వెళ్ళిపోయింది. తలనొప్పిగా ఉందని ఆ పూట అన్నం తినలేదు. ప్రయాణం చేసొచ్చింది కదా అనుకున్నారు అందరూ.

మాణిక్యానికి కాళ్ళు నేల మీద ఆనలేదు. నీళ్ళకి వెళ్ళిన చోట చెప్పింది, ఇరుగింట్లో చెప్పింది, పొరుగింట్లో చెప్పింది. మా అత్తయ్య నన్ను మెచ్చుకుందని చెప్పిందే చెప్పింది.

ఆ తర్వాత ఇంకో వింత జరిగింది. ఒక పూట పాలు పొంగి పొయ్యి పాలైపోయాయి. నాంచారమ్మ ఏమీ అనలేదు. ఇంకో పూట మాణిక్యం ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టింది. ఏమీ అనలేదు. ఇంకో పూట ఎండబెట్టిన వడియాలు కాకులు ఎత్తుకుపోయాయి. అప్పుడు కూడా ఏమీ అనలేదు. చివరికి కోడిని తిట్టడం కూడా మానేసింది. ఇల్లు చల్లబడింది, ఒక్క బొంత ఉతికితే ఎంత మార్పు వచ్చిందో అని మాణిక్యం మురిసిపోయింది. పిచ్చిపిల్ల.

అలా ఉండగా సీతామాలక్ష్మికి నొప్పులొచ్చాయి. మంత్రసాని సూరమ్మని పిలిచారు. ముసలిది. నాంచారమ్మ పురుళ్ళు కూడా ఆవిడే పోసింది. ఆడపిల్ల పుట్టింది, కేరుమంది, అందరూ నవ్వారు. సూరమ్మ బిడ్డకి నీళ్ళు పోసి, బొంత మీద పడుకోబెట్టబోయి, ఆగింది. బొంతని ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఆ తర్వాత మాణిక్యాన్ని గుమ్మం అవతలికి పిలిచింది.

"పసుపు పిల్లాడేడే తల్లీ?" అని మెల్లగా అడిగింది.

మాణిక్యానికి అర్థం కాలేదు. ఏ పిల్లాడు అంది.

అప్పుడు సూరమ్మ చెప్పింది. నాంచారమ్మకి అందరికన్నా ముందు ఒక మగబిడ్డ పుట్టాడట, ఈ పున్నయ్య కన్నా ముందు. నలుగు పెట్టి, నీళ్ళు పోసి, తడి ఒంటితోనే ఆ బొంత మీద పడుకోబెట్టారట. వాడి బుల్లి తలా, జానెడు వీపూ పసుపుగా అచ్చుపడ్డాయట. ఆ బిడ్డ బారసాల దాకా ఆగలేదు. పేరైనా పెట్టించుకోకుండానే వెళ్ళిపోయాడు. పేరు పెట్టని బిడ్డ పోతే ఆ రోజుల్లో ఊసెత్తనిచ్చేవారు కాదు నాన్నా. ఏడిస్తే మళ్ళీ కడుపు పండదని తల్లి నోరు నొక్కేసేవారు. అందుకని నాంచారమ్మ ఏడవలేదు. ఎవరికీ చెప్పలేదు. బొంతని మాత్రం ఎండ తగలనివ్వకుండా నీడలో ఆరేసుకుంటూ వచ్చింది.

ఎండకి పసుపు పోతుందని ఆవిడకి తెలుసు. అందరికన్నా బాగా తెలుసు.

మాణిక్యం అక్కడే గోడకి ఆనుకుని కూలబడింది. బాగా ఉతికావే అన్న మాట చెవిలో మోగింది. ఏ మాట కోసం అన్నేళ్ళు ఎదురుచూసిందో, ఆ మాటని వెనక్కి ఇచ్చెయ్యాలనిపించింది. మాటని వెనక్కి ఎలా ఇస్తాం?

కాసేపటికి లేచి పసుపు తడిపింది. వేలికి తీసుకుని బొంత దగ్గరికి వెళ్ళింది, మళ్ళీ దిద్దుదామని. తల ఎక్కడుండేది? వీపు ఎక్కడి దాకా ఉండేది? ఎంత గుర్తుచేసుకున్నా కళ్ళ ముందుకి సొరకాయే వచ్చింది గానీ బిడ్డ రాలేదు. అలా చూడలేదు కదా ఎప్పుడూ. వేలు కొంగుకి తుడుచుకుని, ఏడుస్తూ అత్తగారి దగ్గరికి వెళ్ళింది.

నాంచారమ్మ దొడ్లో కూర్చుని బాలింతకని వెల్లుల్లి ఒలుస్తోంది. మాణిక్యం కాళ్ళ దగ్గర కూర్చుంది.

"నన్ను తిట్టండి అత్తయ్యా" అంది.

నాంచారమ్మ ఇంకో వెల్లుల్లి పాయ చేతిలోకి తీసుకుంది. ఆ తర్వాత అంది.

"ఏమని తిట్టనే? మరక లేని గుడ్డ అడిగింది నేనేగా."

ఒక్కమాట ముందే చెప్పి ఉంటే ముట్టుకునేదాన్ని కాదు కదా అని మాణిక్యం నోటిదాకా వచ్చింది. అనలేదు. అనకపోయినా ఆవిడకి వినపడింది.

"చెప్పాలంటే వాడికో పేరుండాలి కదే" అంది నాంచారమ్మ.

ఆ తర్వాత ఇద్దరూ వెల్లుల్లి ఒలిచారు. మాణిక్యం కళ్ళు తుడుచుకోబోతే, ఆ చేత్తో వద్దు, మండుతుందని ఆపి, తన కొంగుతో తనే తుడిచింది నాంచారమ్మ.

బారసాల రోజు వచ్చింది. వాకిట్లో పందిరి వేశారు. పళ్ళెంలో బియ్యం పోసి, పరిచి, ఉయ్యాల పక్కన పెట్టారు. బియ్యంలో బిడ్డ పేరు రాస్తారు కదా, అందుకు. వియ్యాలవారి బళ్ళు ఇంకా ఊళ్ళోకి రాలేదు. సీతామాలక్ష్మి పాపకి పాలిస్తోంది. అప్పుడు నాంచారమ్మ ఆ పళ్ళెం పట్టుకుని, కోడల్ని గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. ఆవిడకి రాయడం రాదు. మాణిక్యం మూడో తరగతి దాకా చదివింది.

నాంచారమ్మ కోడలి చెవి దగ్గరికి వంగింది. ఒక పేరు చెప్పింది. ఆ బిడ్డ కడుపులో ఉన్నప్పుడే అనుకున్న పేరట. ఇన్నేళ్ళూ పైకి అనని పేరు.

మాణిక్యం వేలితో బియ్యంలో రాసింది. బియ్యం జారి అక్షరాలు వంకర పోయాయి. వంకర పోయాయని అత్తగారు ఏమీ అనలేదు. పళ్ళెం మీదికి వంగి, చదవడం రాకపోయినా, మొదటి నుంచి చివరిదాకా చూసింది. ఇదేనా అంది. ఇదే అత్తయ్యా అంది కోడలు. మళ్ళీ చూసింది.

బయట బళ్ళ చప్పుడయింది. వియ్యపురాలి గొంతు వినపడింది. బియ్యం మీద పేరు చెరపాలంటే నిమ్మకాయా అక్కర్లేదు, ఎండా అక్కర్లేదు. మాణిక్యం చెయ్యి చాచింది గానీ మళ్ళీ వెనక్కి తీసుకుంది. నాంచారమ్మే అరచేత్తో, నిద్రపోయే బిడ్డని జోకొట్టినట్టు, నెమ్మదిగా బియ్యం సర్దింది. సర్దేటప్పుడు కళ్ళు కారాయి. ఈసారి నోరు నొక్కడానికి ఎవరూ లేరు. కోడలు తలుపుకి వీపు ఆనించి నిలబడింది, ఆవిడ ఏడుపు అయ్యేదాకా ఎవర్నీ లోపలికి రానివ్వకుండా.

ఆ పేరేంటంటావా? నాకేం తెలుసు నాన్నా. అత్త చెప్పింది, కోడలు రాసింది, ఇద్దరూ దాచుకున్నారు. ఇంక కళ్ళు మూసుకో.

కథ నడిచె కంచికి,
కునుకొచ్చె కంటికి,
పేరు చేరె గుండెకి,
మనమొచ్చాం ఇంటికి.