పలకల కింద మిరప బస్తాలు

పేరు తలుచుకోవాలని లేదు గానీ, మా పక్క ఊళ్ళో పానకాలరావని ఒక ప్రెసిడెంటు ఉండేవాడు. ఊరి రైతులు మంచి ధర వచ్చేదాకా మిరప బస్తాలు ఆయన గోడౌనులోనే దాచుకునేవారు. ఆయన దాని కప్పు మీద సోలారు పలకలు పెట్టించాడు. తీగలు లోపల బస్తాల మీదుగా ఆయన ఇంటికి పోయేవి. తీగ ఎక్కడైనా వదులై నిప్పురవ్వ లేస్తే కరెంటు ఆపేసి కూత పెట్టే పెట్టె కూడా ఒకటి బిగించారు.

ఆ వేసవిలో పెట్టె రోజూ కూసింది. కూసినప్పుడల్లా ప్రెసిడెంటు ఇంట్లో ఏసీ ఆగిపోయేది. తీగ చూడాలండీ అని కరెంటు పని చేసే మస్తాను అంటే, "తీగ సంగతి తర్వాత. ముందా పెట్టె పీకెయ్" అన్నాడాయన.

నాంచారమ్మ ఏడాది పంటంతా ఆ గోడౌనులోనే ఉంది. ఆ మాట విని ఆవిడ నలుగురు రైతుల్నీ మస్తానునీ వెంటబెట్టుకుని ఆయన ఇంటికి వచ్చింది.

"అయ్యా, ప్రమాదమేమీ లేదంటారా?"

"ఏమీ లేదే. అదొక పిరికి పెట్టె."

"అయితే ఒక్క మనవి. మీ మిరపకాయలు మీ ఇంటి సావిట్లో ఉన్నాయిగా. ఎలకలు కొట్టేస్తున్నాయని అమ్మగారు మొత్తుకుంటున్నారు. వాటిని గోడౌనులో పలకల కింద పెట్టించండి. మావి సావిట్లో పెట్టుకుంటాం. ఎలకల బాధేదో మేమే పడతాం."

రైతులు సావిడి వైపు కదిలారు. ఒకడు ప్రెసిడెంటు బస్తా భుజానికెత్తనే ఎత్తాడు.

"దించరా," అన్నాడు ప్రెసిడెంటు కంగారుగా. "అక్కడ పెడితే నా కాయలు తగలబడిపోవూ?"

నాంచారమ్మ వెనక్కి తిరిగింది.

"మస్తానూ, నిచ్చెన తెచ్చి తీగ చూడు నాయనా. పెట్టె చెప్పిందే అయ్యగారూ చెబుతున్నారు."