చెవిటి గురువు, కోట ఏనుగు

ప్రమోదూత నామ సంవత్సరం, జ్యేష్ఠ శుద్ధ దశమి. మబ్బు కమ్మింది గాని చినుకు పడలేదు. ఆ ఉక్కపోతకు మొగలివాగు కోటలో వింజామరలు వీచేవాళ్లే సొమ్మసిల్లారు. అప్పుడే పినభూపతి రాజుగారికి ఆ పూట నలభై మూడో ఫిర్యాదు వినిపించారు. ఎవరి కోడో పక్కింట్లో గుడ్డు పెట్టిందట. గుడ్డు ఎవరిదో ప్రభువే తేల్చాలట.

"ఇక నావల్ల కాదు," అన్నాడు రాజు. "ఊళ్లవాళ్లకి తమ ఊరు తామే నడుపుకోవడం నేర్పండి. మీలో ఇద్దరికి చెరో ఊరు, రెండు నెలల గడువు. గెలిచినవాడికి దివానుగిరీ. ఓడినవాడు కొలువు వదిలి పోవాలి."

పాత దివాను పిల్లల్లేకుండానే కన్నుమూసి నెలైంది. ఆయన ఇల్లు, పల్లకి, ముద్ర ఉంగరం వారసుడి కోసం ఎదురుచూస్తున్నాయి.

నీతికోవిద బిరుదున్న నరహరిభట్టు ముందుకొచ్చాడు. ఇంకెవరూ కదల్లేదు. భట్టే నవ్వి, "ఆకులు చుట్టే బొల్లయ్యను పంపండి ప్రభూ. పోటీ ఉన్నట్టైనా ఉంటుంది," అన్నాడు.

బొల్లయ్య రాజుగారికి తాంబూలం అందించే నౌకరు. ఇంట్లో ముసలి తల్లి, నలుగురు పిల్లలు. కొలువు పోతే పొయ్యి వెలగదు. అయినా రాజు తలూపాక కాదనేదేముంది?

భట్టు గరికపల్లె వెళ్లి నూట ఎనిమిది సూత్రాలు వల్లె వేయించాడు. ఊరిపెద్ద లక్షణాలు పదహారు, సభలో కూర్చునే తీరులు తొమ్మిది. ఇలాంటిది నేనూ కాలేజీలో చదివాను. స్థానిక పరిపాలన, నూటికి డెబ్బై రెండు మార్కులు. మా వీధి దీపం వెలగకపోతే ఎవరికి చెప్పాలో మాత్రం ఇప్పటికీ తెలియదు. సరే, కథలోకి వస్తాను.

బొల్లయ్య రేగుమిట్ట వెళ్లి చావడి అరుగు మీద నడుం వాల్చాడు. మొదటి రోజే ఒక రైతు వచ్చి, "అయ్యా, పై పొలాలవాళ్లు చెరువు నీళ్లు మాకు వదలడం లేదు," అన్నాడు.

బొల్లయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. "వినబళ్లేదు నాయనా. ఇంకొకణ్ణి తోడు తెచ్చుకో."

ఇద్దరొచ్చి అరిచారు. వినబడలేదు. పదిమంది అరిచారు. ఆ గోలకి పై పొలాలవాళ్లే పరిగెత్తుకొచ్చారు. మధ్యాహ్నం దాకా వాదులాట. చివరికి సూరమ్మ అనే కాపు ఇల్లాలు విసుగెత్తి, "ఈయన చెవిలో అరిచే ఓపికతో మనమే తేల్చుకోవచ్చు. నీళ్లు ఒక రోజు మీకు, ఒక రోజు మాకు. ఏమంటారు?" అంది.

సరేనన్నారు. బొల్లయ్య అటు తిరిగి పడుకున్నాడు. రెండు నెలలూ ఇదే వరస.

గడువు తీరాక రాజు గురువులిద్దరినీ కోటకు రప్పించి, రెండు ఊళ్లకూ చెరో ఏనుగును పంపాడు. మూడు రోజులు చూసుకోండి, అంతే ఆజ్ఞ.

మొదటి రోజు గరికపల్లె నుంచి ఏడుగురొచ్చారు. "భట్టుగారూ, ఏనుగు మేత ఎన్నో సూత్రమండీ?" రెండో రోజు పదకొండుమంది. మూడో రోజు ఆకలికి తాళలేక ఏనుగే మావటితో సహా వచ్చేసింది.

రేగుమిట్ట నుంచి పురుగు కూడా రాలేదు.

"తొక్కి చంపేసుంటుంది," అన్నాడు భట్టు. రాజు కంగారుపడి ఇద్దరినీ వెంటబెట్టుకుని బయల్దేరాడు.

అక్కడ ఏనుగు చెరువుగట్టుకి దుంగలు మోస్తోంది.

"ఏ వాడవాళ్లు మేత వేస్తే ఆ రోజు ఆ వాడ పని చేస్తుందండి," అంది సూరమ్మ. "పేడ మాత్రం మూడు వాడలకీ సమానం. దానికే కాస్త గొడవైంది. తేల్చుకున్నాం."

"ఇదంతా బొల్లయ్య నేర్పాడా?"

"ఆయనా? బొత్తిగా చెవుడండి పాపం. మంచివాడే, ఎందుకూ పనికిరాడు."

భట్టు మొహం వెలిగిపోయింది. "విన్నారా ప్రభూ? ఒక్క ముక్క నేర్పలేదు. పైగా లేని చెవుడు నటించాడు."

రాజు బొల్లయ్య వైపు తిరిగి గొంతు బాగా తగ్గించి, "నీకు చెవుడు ఎప్పణ్ణించిరా?" అన్నాడు.

"ఈ ఊరి పొలిమేర తొక్కినప్పట్నించి ప్రభూ. నాకు వినబడితే వీళ్లు ఒకరి మాట ఒకరు వినరు కదా."

సూరమ్మ నోరు తెరిచింది. "అమ్మ దొంగా. రెండు నెలలు మా గొంతులు చించావు కదయ్యా."

రాజు నవ్వాడు, ఊరు నవ్వింది, మావటి నవ్వు ఆపుకోలేక ఏనుగును పట్టుకున్నాడు.

దివాను ఇల్లూ ఉంగరమూ బొల్లయ్యకు వచ్చాయి. పల్లకి ఎక్కడం చేతకాక దాన్ని అతను రేగుమిట్టకు ఇచ్చేశాడు. ఎవరు ఎప్పుడు ఎక్కాలో వాళ్లే తేల్చుకున్నారు. ఏనుగూ వాళ్లకే ఉండిపోయింది. గరికపల్లెకు నూట ఎనిమిది సూత్రాలు మిగిలాయి. కొలువు వదిలి పోయిన భట్టుకు ఏమీ రాలేదు.